పడవాయన వద్దన్న రోజు

అమ్రాబాద్‌లో దీవులేంటని అడిగేవాళ్లను తప్పు పట్టలేం. పులులకు, చెంచు పెంటలకు, పొడ తూర్పు ఎద్దులకు పేరున్న ఎత్తు ప్రదేశం అది. సముద్రం ఎక్కడో తూర్పున, బాపట్ల అవతల ఉంది. అయినా ఒకసారి మన్ననూర్ చెక్‌పోస్టు దాటి, శ్రీశైలం రోడ్డు పట్టుకుని దోమలపెంట దాకా వెళ్లి, ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర కాసేపు నిలబడండి. కింద కృష్ణ, అటూ ఇటూ నల్లమల. కొండల కొసలు నీళ్లలోకి చొచ్చుకొచ్చి కనిపిస్తాయి. కొన్నిచోట్ల కొండకూ కొసకూ మధ్య నీళ్లు నిండి, కొస ఒంటరిగా మిగిలిపోతుంది. అవే మన దీవులు. ఎగువన సోమశిల, అమరగిరి, చీమలతిప్ప వైపు, దిగువన ఏలేశ్వరం, నాగార్జునకొండ వైపు ఇలాంటివి ఇంకా ఉన్నాయి.

భూమధ్యరేఖ నుంచి కొలిస్తే అమ్రాబాద్ 16 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉంది. తెరచాప పడవల్లో లోకం చుట్టేవాళ్లు ఎప్పటికైనా చేరాలనుకునే తాహితీ పదిహేడున్నర డిగ్రీలు దక్షిణాన ఉంది. రెండూ ఉష్ణమండలమే, నడినెత్తిన కొట్టే ఎండ రెండుచోట్లా ఒకటే. తాహితీ పోవాలంటే పాస్‌పోర్టు, పడవ, నెలల తరబడి సెలవు కావాలి. ఏలేశ్వరం గట్టు వైపు పోవాలంటే దేవరకొండ బస్సెక్కితే సగం పని అయినట్టే. కానీ రెండు ప్రయాణాలకూ ఒకే గుణం అవసరం. నీటి మీద ఎవరైనా, ఏదైనా వద్దన్నప్పుడు ఆ మాట చెవికెక్కడం. ఈ అధ్యాయమంతా దాని గురించే.

సలహాలిచ్చే పుస్తకాలు మామూలుగా దీనికి తలకిందులుగా చెబుతాయి. వెనకడుగు వేయొద్దు, గడువు పెట్టుకో, అడ్డొచ్చినదాన్ని దాటుకుని పో అంటాయి. ఆఫీసులో ఆ సలహా పనికొస్తుందేమో. పదిమంది పట్టే మరబోటులో పద్నాలుగు మంది ఎక్కి కూర్చున్నప్పుడు మాత్రం పనికిరాదు.

ఈ సంగతి అనుభవం మీద తెలిసిన తెలుగువాళ్లు ఇద్దరున్నారు. విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, ఇద్దరూ నేవీ అధికారులు. వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు మహిళలు ‘తారిణి’ అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి భూమిని చుట్టి వచ్చారు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్, ఆగాలనుకున్న రేవులు ఈ నాలుగే. ఏప్రిల్‌కల్లా ఇల్లు చేరాలని లెక్క. కేప్‌టౌన్ దాటి వస్తుంటే స్టీరింగ్ మొరాయించింది. ఎలాగోలా గోవా దాకా లాక్కొద్దామనుకోలేదు. మారిషస్ వైపు తిప్పి, పోర్ట్ లూయిస్‌లో ఆగి, బాగు చేయించుకుని కదిలారు. ఇంటికొచ్చేసరికి 2018 మే 21 అయింది, మొత్తం 254 రోజులు. ఆలస్యమైందేమని ఎవరూ నిలదీయలేదు. అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ స్వయంగా రేవుకొచ్చి స్వాగతం చెప్పారు.

శనివారం తెల్లారి కూకట్‌పల్లిలో కారెక్కి ఆదివారం రాత్రికి ఇంట్లో ఉండాల్సిన మనకు నెల ఆలస్యం కుదరదు. ఒక పూట కుదురుతుంది. ఆ ఒక్క పూటను ఖాళీగా వదిలి ప్రయాణం వేసుకోండి. శనివారం పదకొండుకు పడవ, ఒంటిగంటకు దీవి, మూడింటికి భోజనం, అయిదింటికి ఇంకో చోటు అని కాగితం మీద రాసుకున్నవాళ్లకు పడవాయన మాట చెవికెక్కదు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపుతుంటే వీళ్లు గడియారం చూస్తుంటారు.

ముందు మట్టం చూడండి

శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నాగార్జునసాగర్‌ది 590. వానలు మొదలైనప్పటి నుంచి దినపత్రికల్లో ఈ అంకెలు వస్తూనే ఉంటాయి. రైతులు సాగునీటి కోసం చూస్తారు, మీరు దీవుల కోసం చూడండి. జలాశయం నిండినప్పుడు పెద్ద గుట్టల నెత్తి మాత్రం మిగిలి దీవులవుతుంది, చిన్నవి కనపడకుండా పోతాయి. వేసవికల్లా శ్రీశైలంలో యాభై అరవై అడుగులు పడిపోవడం మామూలే. అప్పుడు మొన్నటి దీవి ఒడ్డుకు అతుక్కుని మామూలు గుట్ట అయిపోతుంది, నీళ్ల కిందున్న తిప్ప కొత్తగా లేస్తుంది. సప్తనదుల సంగమం దగ్గర సంగమేశ్వరుడి గుడి ఏటా నెలల తరబడి మునిగి, ఎండాకాలంలో మళ్లీ దర్శనమిచ్చేది ఈ లెక్కమీదే. కాబట్టి పోయిన డిసెంబరులో ఎవరో తీసిన ఫొటో పట్టుకుని మార్చిలో వెళ్లి ‘ఆ దీవి ఏదీ’ అని వెతకొద్దు. ఆ నెలకు అది లేదు.

సాగర్ నుంచి శ్రీశైలం దాకా తెలంగాణ టూరిజం లాంచీ ఉంది. సోమశిల నుంచి శ్రీశైలానికి ఇంకొకటి. 2024 నవంబరులో ఈ రెండు దారుల్లోనూ లాంచీలు కదిలాయి. ఎటు వెళ్లినా ఆరేడు గంటల ప్రయాణం. ఇరుకు లోయలో, పక్కన పులుల అడవి చూసుకుంటూ పోవచ్చు. అయితే సాగర్ నిండుకుండలా ఉంటే తప్ప పైదాకా లాంచీ నడవదు, ఎగువన రాళ్లు తేలతాయి. టికెట్టు దొరికిందన్నది ఒక సంగతి, నీళ్లున్నాయన్నది ఇంకో సంగతి. వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం మరోసారి ఫోన్ చేసి అడగండి. బస్సు బుక్ చేసినట్టు చేసి మర్చిపోతే రేవులో కూర్చుని వేరుశనక్కాయలు తినడమే మిగులుతుంది.

కాలం విషయానికొస్తే అక్టోబరు చివరి నుంచి జనవరి చివరి దాకా మేలు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. ఆ మూడు నెలలూ అమ్రాబాద్ టైగర్ రిజర్వులో సఫారీ కూడా ఆపేస్తారు. పెద్ద సముద్రాల్లో తిరిగే తెరచాప పడవలవాళ్లు తుపానుల కాలం రాకముందే ఆ ప్రాంతం వదిలి వెళ్లిపోతారు. మనకు వరద కాలం అలాంటిది. అక్టోబరును కూడా గుడ్డిగా నమ్మొద్దు. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, నీళ్లు 885 దాటి దాదాపు 896 అడుగులకు చేరాయి. ఆ వారం కర్నూలు మునిగింది. ఇక ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక గాలిదుమారం లేస్తుంది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు మూడింటికి మనల్ని గుర్తుపట్టనట్టు ప్రవర్తిస్తాయి.

ఇంకొక్క హెచ్చరిక చెప్పి ముందుకు పోతాను. డ్యాముల కిందిభాగం జోలికి పోకండి. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం 900 మెగావాట్లది. ఒక్కోటి 150 మెగావాట్ల ఆరు యూనిట్లు, నీళ్లను కిందికి వదలడమే కాకుండా తిరిగి పైకి తోడగల యంత్రాలు. కరెంటు అవసరాన్ని బట్టి అవి తిరుగుతాయి, మీ పిక్నిక్‌ను బట్టి ఆగవు. అంతవరకు మోకాలి లోతున్న బండల మధ్య నీళ్లు చూస్తుండగానే లేస్తాయి.

అది ఎవరి గుట్ట

నల్లమల దీవులు నిశ్శబ్దంగా ఉంటాయని అందరూ మురిసిపోతారు. ఆ నిశ్శబ్దం ఎలా వచ్చిందో తెలుసుకుని వెళితే నడక మారుతుంది. ఇవి సముద్రం పుట్టించిన దీవులు కావు. ఒకప్పుడు గొర్రెలు మేసిన గుట్టలు. కింద ఊళ్లుండేవి, పొలాలుండేవి, గుళ్లుండేవి. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండడంతో రెండు ఒడ్డులూ కలిపి వంద వరకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొల్లాపూర్ ప్రాంతంలో నిర్వాసిత కుటుంబాలు జీవో 98 కింద రావాల్సిన ఉద్యోగాల కోసం దశాబ్దాలుగా తిరుగుతూనే ఉన్నాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తరలించారు. సోమశిల గుడి కూడా నీళ్లకు జరిగి కొత్తచోటికి వచ్చిందే. గుళ్లకు కొత్త స్థలాలు దొరికినంత వేగంగా మనుషులకు దొరకలేదు.

దిగువన సాగర్ కథ ఇంకా పాతది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురి ఆ లోయలోనే ఉంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వింది. మునగబోయే కట్టడాల్లో కొన్నింటిని కొండమీదికీ, కొన్నింటిని అనుపుకూ మోసుకెళ్లి తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు మనం లాంచీలో వెళ్లి దిగే నాగార్జునకొండ ఒకప్పుడు ఆ లోయకు కాపలా ఉన్న కొండ. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ చిన్న సంగతి తెలియక వెళ్లి తలుపు తాళం చూసి వచ్చినవాళ్లు బోలెడు.

నల్లగొండ వైపు ఏలేశ్వరం కూడా అలా మునిగిన ఊరే. ఆ రోజుల్లో అబ్దుల్ వహీద్ ఖాన్ నాయకత్వంలో అక్కడ కూడా తవ్వకాలు జరిగాయి. ఊరు పోయింది, గట్టు మిగిలింది. శివరాత్రికి గట్టు మీది మల్లన్న దగ్గరకు జనం పడవల్లో వెళతారు. మనం శాంతి కోసం వెళ్లే దీవికి వాళ్లు సొంతూరికి వెళ్లినట్టు వెళతారు.

అందుకే ఒక ప్రశ్న మీ జేబులో పెట్టుకోండి. పడవ కాస్త లోపలికి పోయాక పడవాయనను ‘అన్నా, ఈ నీళ్ల కింద ఏ ఊరున్నది?’ అని అడగండి. అంతదాకా డీజిలు ధర, చేపల ధర తప్ప మాట్లాడని మనిషి చెయ్యి చాపి చూపించడం మొదలుపెడతాడు. ఇక్కడ బడి, అక్కడ చావడి, అదిగో ఆ చింతచెట్టు మోడు దగ్గర మా తాత ఇల్లు అని. ఆ తర్వాత స్పీకరులో పాటలు పెట్టాలని మీ బృందంలో ఎవరికీ అనిపించదు. ఏ గైడు ఇచ్చే ఉపన్యాసం కన్నా ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది.

పడవ, పడవాయన

దేవరకొండ అవతల నేరేడుగొమ్ము మండలంలో సాగర్ వెనకజలాల ఒడ్డున వైజాగ్ కాలనీ ఉంది. పేరులోనే సంగతి ఉంది. విశాఖ తీరం నుంచి చేపల వేటకు వచ్చి, సాగర్ నీళ్ల పక్కన నిలిచిపోయిన జాలరుల కాలనీ. ఉప్పునీళ్లలో నేర్చిన విద్యతో మంచినీళ్లలో బతుకుతున్నవాళ్లు. వారాంతాల్లో హైదరాబాద్ నుంచి జనం చేపల వేపుడు కోసం వస్తారు, పడవ షికారు చేస్తారు. దీవులకు వెళ్లాలనుకునే మొదటిసారివాళ్లకు నేను ఈ రేవునే చెబుతాను. చేప మాత్రం పెద్దది అడగండి. వేలెడంత చేపలు ఎండబెట్టి కుప్పలుగా అమ్ముతుంటే కొనకండి. పిల్లచేపను కూడా వదలని అలివి వలల మీద నిషేధం ఉంది, మనం కొన్నంతకాలం అవి నీళ్లలోనే ఉంటాయి.

పడవాయనతో బేరమాడే ముందు ఆయన నీళ్లను ఎలా చూస్తున్నాడో చూడండి. అనుభవమున్న మనిషి మీతో మాట్లాడుతూనే అవతలి ఒడ్డు చెట్ల మీదికి చూపు తిప్పుతుంటాడు. అక్కడ ఆకు కదిలిందంటే కాసేపట్లో ఇక్కడ నీళ్లు కదులుతాయి. ‘ఎంతమంది?’ అని అడిగి, మీరు చెప్పిన లెక్క విని తల అడ్డంగా ఊపితే ఆయన మంచి పడవాయన. ‘ఏం గాదు, ఎక్కుండ్రి’ అంటే నమ్మకండి. 2007 జనవరిలో కర్నూలు వైపు నుంచి సింగోటం జాతరకు వస్తున్న పడవ మంచాలకట్ట దగ్గర కృష్ణలో మునిగి అరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది. ఈ రెండూ ఈత రానందువల్ల జరిగినవి కావు. కదలకూడని పడవ కదిలినందువల్ల జరిగినవి.

లైఫ్ జాకెట్ సంగతి. ఒడ్డున ఇచ్చేవాటిలో సగానికి బకిల్ సరిగా పడదు. వేసుకుని, పట్టీలు బిగించి, పక్కనున్నవాళ్లను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే నీళ్లలో మీరు కిందికి, అది పైకి పోతాయి. మార్చమని అడగండి. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ తొడిగి ‘సరిపోయిందిలే’ అనడం ఈ రేవుల్లో నిత్యం కనిపించే దృశ్యం. పిల్లల సైజు లేకపోతే పిల్లలు ఒడ్డునే ఉండాలి. వాళ్లతో ఒకరు ఉండాలి. ఆ ఒకరెవరో ఇంట్లోనే తేల్చుకుని రండి, రేవులో తగువు పడకుండా.

కొన్నిచోట్ల పుట్టి తప్ప వేరే దారి ఉండదు. వెదురు దబ్బలతో గుండ్రంగా అల్లి, అడుగున పట్టా కప్పి తారు పూసిన బుట్ట అది. పూర్వం పట్టా బదులు తోలు ఉండేది. పుట్టికి ముందూ వెనకా లేవు. అంచు మీద కాలు పెడితే బోర్లా పడుతుంది. పడవాయన తెడ్డు నేలకు గుచ్చి పట్టుకున్నాక, మధ్యలో అడుగు వేసి, వెంటనే చతికిలబడాలి. ఎదురెదురుగా బరువు సమంగా కూర్చోవాలి. అది తిరుగుతూ తిరుగుతూ ముందుకు పోతుంది. మొదటి రెండు నిమిషాలు కళ్లు తిరుగుతాయి, తర్వాత బాగుంటుంది. ఫొటో కోసం ఎవరూ లేవకూడదు. నిజానికి నిలబడి ఫొటో దిగాలనే కోరిక తీసినన్ని ప్రాణాలు మొసళ్లు తీసి ఉండవని నా అనుమానం.

నీళ్ల మీద ఖాళీ సీసాలు, థర్మోకోల్ ముక్కలు వరసగా తేలుతుంటే అది చెత్త అనుకోకండి. కింద వల ఉంది. పడవాయన ఇంజన్ ఆపి, పంకాను పైకెత్తి, నెమ్మదిగా దాటిస్తాడు. ‘తొందరగా పోనీయ్’ అనకూడని చోటు అది. పంకాకు వల చుట్టుకుంటే ఒకరి నెల సంపాదన తెగుతుంది, నడినీళ్లలో మీ పడవ ఆగుతుంది. మునిగిన చెట్ల మోళ్లు ఇంకో ప్రమాదం. పొద్దు నెత్తి మీదున్నప్పుడు నీళ్ల కింద నల్లగా కనిపిస్తాయి. ఏటవాలు ఎండలో కనిపించవు. పసిఫిక్ దీవుల్లో తిరిగే తెరచాప పడవలవాళ్లు పగడపు దిబ్బల మధ్యకు పట్టపగలే దూరతారు, పొద్దు వాలితే బయటే ఉండిపోతారు. పడవాయన నాలుగింటికే ‘ఇగ పోదాం’ అన్నాడంటే ఆయనకు ఆకలై కాదు.

తెరచాపే కావాలనుకునేవాళ్లు హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకోవచ్చు. 2009లో సుహేమ్ షేక్ మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీ పిల్లలను, ప్రభుత్వ బడి పిల్లలను జాతీయ పోటీలదాకా తీసుకెళ్లింది. గాలికి ఎదురు పోవాలంటే నేరుగా పోలేం, అటోసారి ఇటోసారి వంకరగా పోవాలని అక్కడ పన్నెండేళ్ల పిల్లలకు తెలుసు. నల్లమల నీళ్లలో మాత్రం సొంత పడవ దింపే ఆలోచన పెట్టుకోకండి. ఆ ఒడ్డు పులుల అభయారణ్యం. కాలు పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

దిగాక

ఒడ్డు దగ్గరపడగానే దూకేవాళ్లుంటారు. దూకకండి. నీళ్లు తగ్గేకొద్దీ దీవి అంచున ఒండ్రు మిగులుతుంది. పైన ఎండి, బీటలు తీసి గట్టి నేలలా కనిపిస్తుంది. కాలు వేస్తే మోకాలి దాకా దిగుతుంది, చెప్పు లోపలే ఉండిపోతుంది. ముందు కర్రతో పొడిచి చూడాలి. రాతి మీద తెల్లటి చారలు కనిపిస్తాయి, అవి నీళ్లు ఒక్కో నెల ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పే గీతలు. పై గీతకూ మీ కాళ్లకూ ఉన్న దూరం చూస్తే ఆ దీవి ఎంత తాత్కాలికమో అర్థమవుతుంది.

పడవ ఆగిన చోట నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం అందరికీ ఇష్టం. మొసళ్లున్న నీళ్లివి. పడవాయన సరేనన్న చోట తప్ప పెట్టొద్దు, సాయంత్రం అసలే వద్దు. అదృష్టముంటే నీటికుక్కలు కనిపిస్తాయి, గుంపుగా, ఈలలు వేసుకుంటూ. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ మోళ్ల మీద కూర్చుంటాయి. అవి కనిపించాలంటే మీరు కదలకుండా అరగంట కూర్చోవాలి. మొదటి పది నిమిషాలు చెయ్యి ఫోను కోసం జేబు వైపు పోతుంది. లోయలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ సమస్య త్వరగానే తీరుతుంది. కానీ అదే కారణంగా, బయల్దేరే ముందే ఎవరికైనా చెప్పి రావాలి. ఫలానా రేవు, ఫలానా పడవ, ఇన్నింటికి తిరిగి వస్తాం, రాకపోతే ఫలానా నంబరుకు ఫోన్ చేయండి అని.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాల్లో. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను రిజర్వులోకి రానివ్వరు. టోపీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పులిహోర. పెరుగన్నం మాత్రం పొద్దున పదింటికే పులుస్తుంది. దీవి మీద పొయ్యి వెలిగించొద్దు. జనవరి దాటితే గడ్డి అంతా ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. రాత్రి ఉంటామని అడగొద్దు.

శ్రీశైలం దగ్గరి పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు పడవలో వెళ్లేవాళ్లకు ఒక మాట. పన్నెండో శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి తపస్సు చేసిందని చెప్పుకునే ఆ గుహలు అమ్రాబాద్ అడవి వైపు ఒడ్డున ఉన్నాయి. దారిలో నిలువు రాతిగోడలకు కొండ తేనెటీగల పెరలు వేలాడుతుంటాయి. చెంచులు తాళ్ల మీద దిగి తేనె తీసేది ఇలాంటి చోట్లే. వాటి కింద పడవ పోతున్నప్పుడు కేకలు, సిగరెట్లు, ఘాటైన అత్తర్లు వద్దు. ఆ ఈగలు లేస్తే పడవలో పారిపోవడానికి చోటుండదు. అక్క గుహ లోపల దీపం వెలుతురులో వంగి వంగి పోవాలి. ఊపిరాడదనిపిస్తే వెనక్కి వచ్చేయడానికి సిగ్గుపడొద్దు, వెనకున్నవాళ్లు దారి ఇస్తారు.

రానివ్వని రోజు

ఇంత చేసినా ఒక్కోసారి దీవి దక్కదు. మట్టం తగ్గి ఉంటుంది, లేదా అటవీ శాఖవాళ్లు గేటు మూసి ఉంటారు. లేదా అంతా బాగుండి, పడవాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ‘ఇయ్యాల వద్దు సారూ, గాలి లేసేటట్టున్నది’ అంటాడు. అప్పుడు మన బృందంలో ఒకరు తప్పకుండా ఇంకో పడవాయన కోసం వెతకడానికి పోతారు. ఆ ఒకరిని ఆపడమే ఈ అధ్యాయం చదివినవాళ్ల పని. రేవులో మొదటి మనిషి వద్దన్నాక సరే అనే రెండో మనిషి ఎప్పుడూ దొరుకుతాడు. డబ్బు పెంచితే ఇంకా తొందరగా దొరుకుతాడు.

ఆ రోజుకు రెండో ప్రణాళిక ముందే ఉండాలి, మొదటిదానితో సమానంగా తయారుచేసి ఉండాలి. అచ్చంపేట పక్కన ఉమామహేశ్వరం ఉంది, కొండచరియ కిందనుంచి నీళ్లు కారే చల్లని చోటు. మల్లెలతీర్థం ఉంది, మెట్లు దిగి వెళితే జలపాతం. ఫరహాబాద్‌లో సఫారీ ఉంది. చెంచు పెంటలను మాత్రం ఈ జాబితాలో చేర్చకండి. అవి మనుషుల ఇళ్లు, పిలిస్తే పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి దారిలో గేట్లు మూస్తారు. తొమ్మిదికి అయిదు నిమిషాలు తక్కువలో చెక్‌పోస్టు దగ్గర బతిమాలుకునే కార్ల వరసలో మీది ఉండకూడదు. పిల్లలు దీవి చూపించలేదని అలిగితే అలగనివ్వండి. మట్టం ఎంత ఉంటే పడవ కదులుతుందో వాళ్లకు చెప్పి, ఆ అంకె పేపర్లో వచ్చినరోజు చెప్పే బాధ్యత వాళ్లకే అప్పగించండి.

మిగిలింది డబ్బు సంగతి. పడవ కదలని రోజు పడవాయనకు ఎంతివ్వాలి? చాలామంది ఏమీ ఇవ్వరు, ఎక్కనే లేదు కదా అంటారు. నేను సగం కిరాయి ఇవ్వమంటాను. ఆయన పొద్దున్నే వలలు వదులుకుని మీకోసం రేవులో కూర్చున్నాడు, డీజిలు పోసి ఉంచాడు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. పడవ కదిలితేనే డబ్బులొచ్చే మనిషి గాలిలో కూడా పడవ కదిలిస్తాడు. ఇంట్లో పిల్లల ఫీజు కట్టాల్సిన వారమైతే ఎనిమిది మంది పట్టే చోట పన్నెండు మందిని ఎక్కిస్తాడు. వద్దన్నందుకు కూడా కూలి దొరుకుతుందని తెలిస్తే, వచ్చేవారం మీ తర్వాత వచ్చే కుటుంబానికి కూడా ధైర్యంగా వద్దని చెప్పగలుగుతాడు. బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ మాట అనుకోండి. ‘అన్నా, పోతే ఇంత, గాలుండి పోకుంటే ఇంత’ అని. మొదట నవ్వుతాడు. తర్వాత మీ నంబరు ఫోన్లో ఎక్కించుకుని, నీళ్లు బాగున్న రోజు తనే ఫోన్ చేస్తాడు.